టైరు చెప్పిన సాక్ష్యం



మొన్న కూడిక అయిపోయాక మన యౌవనస్థుల్లో ఒక తమ్ముడు మా బండి వెనుక టైరు చూసి నవ్వినాడు. "అయ్యగారూ, టైరు మధ్యలోనే అరిగింది, అంచులు కొత్తగానే ఉండాయి. మీకు బండి వంచడం రాదు" అన్నాడు. అరగని ఆ అంచులను బైకర్లు చికెన్ స్ట్రిప్స్ అంటారట. పిరికివాని గుర్తన్నమాట. ఆ తమ్ముని టైరు మాత్రం అంచుదాకా అరిగివుంది. గువ్వలచెరువు ఘాటు మలుపుల్లో అరిగిందని గొప్పగా చెప్పినాడు. ఆ మాట విన్న వాళ్లమ్మ ముఖం వాడిపోయింది. "మీరైనా చెప్పండయ్యగారూ" అని మమ్మల్ని అడిగింది.

చెప్తామన్నాము. అయితే తెలియకుండా చెప్పకూడదు కదా! బండిని పంచర్ షాపుకు తీసుకుపోయి అక్కడి పెద్దాయనను అడిగినాము.

"టైరు ముందు రోడ్డు సంగతి చెప్తుంది, తర్వాతే మనిషి సంగతి" అన్నాడాయన. తిన్నని రోడ్డు మీద తిరిగే బండికి మధ్యభాగమే నేలను తాకుతుంది, కాబట్టి అదే అరుగుతుంది. ఎంత చేయి తిరిగినవాడు నడిపినా అంతే. టైరు వెడల్పును బట్టి కూడా అంచు మిగలడం మారుతుంది. మాకు సంతోషమైంది. మేము పిరికివాళ్లం కాదని తేలింది కదా అనుకున్నాము.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. పెద్దాయన ముందు టైరు చూపించినాడు. రెండు పక్కలా అరిగివుంది. గాలి తక్కువతో నడిపినందుకు గుర్తు. వెనుక టైరులో ఒకచోట చదునుగా గీసుకుపోయింది. వెనుక బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం తిరగకుండా ఈడ్చుకుపోతుంది, అదీ ఆ మచ్చ. ఇంక గాడుల్లో ఉండే చిన్న గట్లు టైరుతో సమానమైపోయినాయి. ద్విచక్ర వాహనం టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదని మోటారు వాహనాల నియమాలు చెప్తున్నాయి. మాది అది కూడా దాటిపోయింది. ఆ టైరుతోనే వానలో అమ్మగారిని వెనుక, పిల్లవాణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకొని తిరిగినాము. తలుచుకుంటే ఒళ్లు జలదరించింది.

సాయంత్రం ఆ తమ్ముణ్ణి పిలిచి, బుద్ధి చెప్పడానికి ముందు మా తప్పు చెప్పుకున్నాము. "నువ్వు చూడవలసింది అంచులు కాదు నాయనా, గాడులు" అన్నాము. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన మోటోజీపీ పందెం అతను ఫోనులో చూసినాడంట. అక్కడ రేసర్లు బండిని 60 డిగ్రీలకు పైగా వంచుతారు, అంచు అరగక మానదు. కానీ అక్కడ లారీ ఎదురు రాదు, మలుపులో ఇసుక ఉండదు, గొర్రెలమంద అడ్డం పడదు. "నీ అంచు ఒక్కటే చెప్తుంది, అంతదాకా వంచినావని. పడిపోయినవాని టైరు కూడా పడేముందు అంచుదాకా అరిగే ఉంటుంది" అన్నాము.

తమ్ముడు తల వంచుకున్నాడు. కాసేపటికి "రేపు పొద్దుటూరికి పోదాం రండయ్యగారూ, మీ బండికి టైర్లు నేను చూసి ఇప్పిస్తా" అన్నాడు.

ప్రియులారా, మలుపు రాకముందే వేగం తగ్గించినవాని నేర్పు టైరు మీద ఎక్కడా కనబడదు. ఇంటికి క్షేమంగా చేరినవాళ్లే దానికి సాక్ష్యం. నిర్లక్ష్యమైతే దాగదు, గాడి గాడిలో రాసివుంటుంది. ఒకరి అంచు చూసి ఇంకొకరు నవ్వడం మానుదాము. ఈ ఆదివారం బండి తీసేముందు ఎవరి టైరు వాళ్లు వంగి చూసుకోండి. గాలి పట్టించుకోండి. వెనుక కూర్చునేది మన ఇంటివాళ్లే.