ఏ బోరు నీళ్ళు?



మా అన్నయ్య కూతురు ఎంబీబీఎస్ రెండో ఏడాదిలో ఉండగా ఓ రాత్రి ఫోన్ చేసింది. "అత్తా, ఐసీఎంఆర్ వాళ్ళది రెండు నెలల రీసెర్చ్ ఉందంట. మా సారేమో ముందు పాసవ్వమ్మా, అవన్నీ తర్వాత అన్నారు. నువ్వేటంతావు, సెయ్యమంతావా?"

ఈ "ముందు పాసవ్వమ్మా" రిజర్వేషన్ సీటు పిల్లలకి ఎంత తొందరగా వినిపిస్తుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. చెయ్యమన్నాను.

ఇంగ్లండ్‌లో మెడికల్ విద్యార్థులు కోర్సు మధ్యలో ఏడాది ఆగి ఒక బీఎస్సీ చేసుకోవచ్చు. మనకా దారి లేదు. ఉన్నా, ఇంకో ఏడాది హాస్టల్ ఖర్చు కొబ్బరి చెట్లెక్కే మా అన్నయ్య తేలేడు. బాబాసాహెబే 1917లో స్కాలర్‌షిప్ గడువు తీరిపోయి లండన్ చదువు సగంలో వదిలి రావాల్సొచ్చింది. మన పిల్లలకి దగ్గర్లో ఉన్నది 1979 నుంచి నడుస్తున్న ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్. గైడ్‌ని వెతుక్కోవాలి, ప్రపోజల్ రాయాలి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. స్టైపెండ్ మాత్రం రిపోర్టు ఆమోదించాకే. అంటే బస్సు ఛార్జీలు ముందు మన జేబులోంచే.

వేరే డిపార్ట్‌మెంట్ మేడమ్ గైడ్‌గా ఒప్పుకున్నారు. అంశం కోసం ఎక్కడో వెతకలేదు. మాది ఉద్దానం. మా నాన్న, అంటే ఈ పిల్ల తాత, ఆ కిడ్నీ జబ్బుతోనే పోయాడు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్ళకి ఎన్ని బృందాలొచ్చి రక్తం తీసుకెళ్ళాయో. 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం కూడా తెరిచారు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు.

ఫారం నాకు పంపింది, తెలుగు సరిచూడమని. "నొప్పి నివారణ మాత్రలు సేవిస్తారా?" అని ఉంది. మా అమ్మనడిగితే లేదంటుంది. పనికెళ్ళొచ్చి రాత్రి వేసుకునేది ఒళ్ళునొప్పుల బిళ్ళ. ఆమె లెక్కలో అది మందే కాదు. క్రియాటినిన్ అంటే ఏమిటో మాత్రం మూడు లైన్ల వివరణ రాసింది! కొట్టెయ్యమన్నాను. అక్షరం రాని మా పిన్ని కూడా తన క్రియాటినిన్ ఎంతో చెప్తుంది.

ఇంకో ప్రశ్న: "తాగునీరు: బోరు / కుళాయి." ఏ బోరు అనడిగాను. మా పేట బోరు వేరు, ఊళ్ళో బోరు వేరు. అది రాయకపోతే కాగితం మీద ఊరంతా ఒకే నీళ్ళు తాగినట్టు. పిల్ల కాసేపు మాట్లాడలేదు. "మేడమ్ ఒప్పుకుంతారో లేదో" అంది. ఒప్పుకున్నారు. కమిటీకి మళ్ళీ పంపాల్సొచ్చి పన్నెండు రోజులు పోయాయి.

మొదటి ఇంట్లోనే ఓ ముసలాయన "నువ్వెవురి గుంటవే?" అన్నాడట. తాత పేరు చెప్పింది. ఆయన లోపలికెళ్ళి, పాత సిమెంటు సంచిలో దాచిన ఏడేళ్ళ రిపోర్టులు తెచ్చి ముందు పెట్టాడు. ఇంతవరకు ఎవరూ అవి అడగలేదట.

రిపోర్టు పంపేసింది. స్టైపెండ్ ఇంకా రాలేదు. వచ్చే ఏడాది పెట్టేవాళ్ళు ముందు మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో కనుక్కోండి. ఫారం తెలుగు చూడాలంటే నాకు పంపండి, చూస్తాను.