బోడికొండ మీద చలిమంట

ఉక్కు ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసేవాడికి నిప్పు గురించి ఇంకొకరు చెప్పాలా? మా ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చల్లటి పేర్లే ఉన్నాయి గానీ, లోపల్నుంచి వచ్చేది 1,400 డిగ్రీలు దాటిన ద్రవ ఇనుము. అక్కడ చిన్న వెల్డింగ్ చెయ్యాలన్నా పర్మిట్ రాయించుకోవాలి. కాలే సామాను దూరంగా జరపాలి. పని అయ్యాక కూడా కాసేపు అక్కడే నిలబడి, నిప్పురవ్వ ఎక్కడైనా దాక్కుందేమో చూడాలి. నేను ఇవన్నీ కొత్తవాళ్లకి నేర్పేవాణ్ణి. అందుకే ఈ తప్పు చెప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

2021 జనవరి. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాల ఫోటోలు అందరి ఫోన్లలోనూ తిరుగుతున్న రోజులు. అప్పటికి పాడేరు మా విశాఖ జిల్లాలోనే ఉండేది. అల్లూరి సీతారామరాజు జిల్లా 2022లో వచ్చింది. బి షిఫ్ట్ దిగి, అన్నం కూడా ఇంట్లో తినకుండా, నలుగురం రెండు బళ్ల మీద చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కాం. తెల్లవారుజామున కొండ కిందికి చేరేసరికి వేళ్లు బ్రేకు మీదే బిగుసుకుపోయాయి.

జనం ఎక్కే దారి వదిలేసి పక్కనున్న గడ్డికొండ ఎక్కుదామన్నది నేనే. చెట్టూ చేమా లేదు, బోడికొండ, మనల్ని అడిగేవాడెవడు అన్నాను. అదే మేం ఊరి పక్కనున్న కంబాలకొండకి వెళ్తే గేటు దగ్గరే టికెట్ తీసుకుని, బుద్ధిగా దారి వెంట నడుస్తాం. 2002 నుంచి అది అభయారణ్యం. కాపలా ఉంటుంది, బోర్డులుంటాయి. బోర్డు లేని చోట మాకు అడవి కనిపించలేదు.

పైన గాలి కోసేస్తోంది. ఎండుగడ్డి పీకి చలిమంట వేశాం, టీ కాచుకున్నాం. తెల్లారాక చూసిన దృశ్యం గురించి మాత్రం అబద్ధం చెప్పలేను. రాత్రంతా చల్లటి గాలి లోయలోకి దిగి, అక్కడి తేమని మంచుగా పేర్చిపెట్టింది. దాని మీద ఎండ పడింది. కొండకొమ్ములు ఒక్కొక్కటే పైకి తేలుతుంటే, పోర్టు బయట లంగరేసిన ఓడలు గుర్తొచ్చాయి నాకు. వందల ఫోటోలు తీశాం. దిగేముందు మంట మీద అర సీసా నీళ్లు పోశాను. బూడిద కెలకలేదు, చెయ్యి పెట్టి చూడలేదు. కాసేపు నిలబడలేదు.

సగం దిగాక వాసన వచ్చింది. వెనక్కి తిరిగితే గడ్డి అంటుకుని మంట పైకి పాకుతోంది. ఏటవాలులో మంట తన పైనున్న గడ్డిని ముందే ఎండబెట్టుకుంటూ పోతుంది. గాలి తోడైతే ఇక ఆగదు. బ్లాస్ట్ అంటేనే ఆ గాలి, అది రోజూ చూసేవాణ్ణి. తెలిసిన చదువంతా ఆ నిమిషంలో గుర్తొచ్చింది.

మేం కేకలు వేసేలోపే కింది ఊరి నుంచి ఐదారుగురు పచ్చికొమ్మలు విరుచుకుని వచ్చేశారు. మమ్మల్ని ఏమీ అడగలేదు. మంట అంచున వరసగా నిలబడి బాదడం మొదలెట్టారు. మేం జాకెట్లతో కొట్టాం. నా జాకెట్టే కాసేపటికి కాలింది. గంటకి అదుపులోకి వచ్చింది. అరెకరం పోయిందేమో.

వాళ్లలో ఒక పెద్దావిడ నల్లబడిన దుబ్బు ఒకటి పట్టుకుని కూర్చుండిపోయింది. ఖాళీ కొండ అనుకున్నామమ్మా అన్నాను.

"ఖాళీ ఏటి బాబూ? ఇదంతా మా చీపురు కాదా?"

కొండచీపురు. గాజువాక మార్కెట్లో కొని మా ఇల్లు ఊడ్చే చీపురే. జనవరి నుంచి కంకులు కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి అమ్ముకుంటారు. దుబ్బు వేరు బతికే ఉంటే మళ్లీ చిగురిస్తుంది గానీ, ఆ ఏటి కంకులు ఆ ఏటికి లేనట్టే. నేను టీ కింద పెట్టిన ఎండుగడ్డిలో ఎంత చీపురుందో నాకిప్పటికీ తెలీదు.

జేబుల్లో ఉన్నది పోగేసి ఇచ్చాం. తీసుకోదేమో అనుకున్నాను. సినిమాల్లో తీసుకోరు. తీసుకుంది, లెక్కపెట్టుకుంది, చాలదంది. పెట్రోలుకి ఉంచుకున్నది కూడా ఇచ్చి, పాడేరులో తెలిసిన టీచరు దగ్గర అప్పు చేసి ఇల్లు చేరాం.

తర్వాత చదివి తెలుసుకున్నాను. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ప్రకారమే నేరం. చిన్నతరహా అటవీ ఫలసాయం మీద అడవిలో బతికేవాళ్లదే హక్కని 2006 చట్టం చెప్పింది. ఇక వాళ్ల చీపుర్లు కొనే గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది, దాని ప్రధాన కార్యాలయం మా విశాఖలోనే ఉంది. ఆ బోర్డు కింద నుంచి ఎన్నిసార్లు పోయానో! లోపలికెళ్లి తేనె కూడా కొన్నాను.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. అంతకు ముందు అరకులో వలిసె పూల మధ్య ఫోటో దిగితే రైతు ఇరవై రూపాయలు అడిగాడు. పొలానికి టికెట్టేమిటని గొణిగాను, మొక్కలు తొక్కుకుంటూనే. కైలాసగిరి రోప్‌వేకి మారు మాట్లాడకుండా డబ్బు కట్టినవాణ్ణే.

మొన్న మా ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన కుర్రాడు వంజంగి వెళ్తానంటే ఆనాటి ఫోటో చూపించాను. "ఏ నెలలో వెళ్తే ఇలా పడతాయి సార్ మేఘాలు?" అన్నాడు. నవంబరు నుంచి జనవరి దాకా, పొద్దు పొడవకముందే పైనుండాలన్నాను. స్టవ్ గానీ మంట గానీ వద్దు, ఫ్లాస్కులో టీ పట్టుకెళ్లమన్నాను. వాడు ఫోటో పెద్దది చేసుకుని, ఎడమ మూల మేఘం ఎంత బాగుందో చూడండన్నాడు.

ఆ ఫోటో నేను దిగేదారిలో తీసింది. అది మేఘం కాదురా అని చెప్పాను.