ఎనిమిదో వంతు జీపు

పిల్లలూ, ముంజలు తిన్నాక మిగిలిన రెండు తాటిబుర్రలకు పుల్ల గుచ్చి, పంగలకర్రతో తోసుకుంటూ మీలో చాలామంది బండి నడిపే ఉంటారు. దానికి చక్రాలున్నాయి, ఇరుసు ఉంది, తోసే కర్ర ఉంది. లేనిదల్లా బాడీ ఒక్కటే. అటువంటి బాడీ లేని బండికి మేము బాడీ కట్టిన సంగతి ఇప్పుడు చెబుతాను.

రేడియోతో నడిచే బొమ్మకార్లలో రాళ్లెక్కే రకం ఒకటి ఉంది. దాన్ని రాక్ క్రాలర్ అంటారు. ఇది పరుగుపందేలకు పనికిరాదు, నెమ్మదిగా పాకుతుంది. కాని మోటారు బలం దాని నాలుగు చక్రాలకూ అందుతుంది. లోపలి పళ్లచక్రాలు మోటారు వేగాన్ని తగ్గించి, చక్రాలను తిప్పే బలాన్ని పెంచుతాయి. మెత్తని టైర్లు రాతిని కరిచి పట్టుకుంటాయి. తొమ్మిదో తరగతి చదివే మా తమ్ముడి కొడుకు దగ్గర ఇటువంటి బండి ఛాసిస్ ఉంది. ఛాసిస్ అంటే చట్రమూ, ఇంజనూ, చక్రాలూ మాత్రమే అన్నమాట. లారీల విషయంలోనూ అంతే: ఛాసిస్ ఫ్యాక్టరీలో తయారవుతుంది, బాడీ విజయవాడ ఆటోనగర్ వంటి చోట కడతారు.

ఏ బాడీ కట్టాలి? దానికి మేము ఎక్కువ ఆలోచించనక్కర లేకపోయింది. ఆలమూరులో మా పెరట్లో, కొబ్బరిచెట్ల కింద, మా నాన్నగారి జీపు ఉండేది. నాన్నగారు పోయి చాలా ఏళ్లయింది. జీపు అడుగుభాగం తుప్పుపట్టి, ఇక బాగుపడే స్థితి దాటిపోయింది. దాన్ని పాత ఇనుము కింద ఇచ్చివేయాలని ఇంట్లో నిశ్చయించారు. ఆదివారం లారీ వస్తుందన్నారు.

శుక్రవారం సాయంత్రం మావాడు టేపు పట్టుకుని వచ్చాడు. "పెదనాన్నా, తాతయ్య జీపు వెళ్లిపోయాక ఇక కొలవడానికి ఏముంటుంది? ఇప్పుడే కొలతలు తీసేద్దాం!" అన్నాడు. మాకున్నది ఒక రాత్రి, ఒక పగలు.

ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు కొలిస్తే 80 అంగుళాలు వచ్చింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1941 నుంచి అమెరికాలో విరివిగా తయారైన విల్లీస్ జీపుకూ ఇదే కొలత. ఆ వంశపు జీపులనే మహీంద్రా వారు మన దేశంలో తయారుచేశారు.

మా వడ్రంగులు అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేసి, ఒక్కొక్క భాగాన్ని నూలు అంటారు. ఈ మాట మాకెంతో ఉపయోగపడింది. జీపులో అంగుళం మా బొమ్మలో నూలు. అంటే 80 అంగుళాలు 80 నూళ్లవుతాయి, సరిగ్గా 10 అంగుళాలు! ఛాసిస్‌లో ఇరుసుల దూరం అంతకు సరిపోయింది. ఇక భాగహారాలతో పనిలేకుండా, శనివారం చీకటిపడే లోగా నోటుబుక్కులో నాలుగు పేజీలు నింపాం.

ఇప్పుడొక ప్రశ్న. పొడవు ఎనిమిదో వంతయితే బరువూ ఎనిమిదో వంతేనా? కాదు! పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి గదా! 8ని 8తో, మళ్లీ 8తో గుణిస్తే 512. జీపు బరువు సుమారు 1,100 కిలోలు. అందులో 512వ వంతు రెండు కిలోల పైచిలుకు మాత్రమే. మా ఛాసిస్సే 2 కిలోలుంది. కనుక బాడీ చాలా తేలికగా ఉండాలి.

తేలిక ఎందుకంత ముఖ్యం? ప్రతి వస్తువుకూ దాని బరువంతా ఒక్కచోట చేరినట్టుండే బిందువు ఒకటుంటుంది. దాన్ని గరిమనాభి అంటారు. పక్కకు ఒరిగిన బండిలో ఆ బిందువు నుంచి కిందికి దించిన నిలువుగీత చక్రాల మధ్య ఉన్నంతవరకూ బండి నిలబడుతుంది. గీత చక్రం బయటికి పోయిందా, బండి బోల్తా పడుతుంది. మా బండి చక్రాల మధ్య వెడల్పు 16 సెంటీమీటర్లు. 300 గ్రాముల బాడీ పెడితే గరిమనాభి 8 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. అప్పుడది 45 డిగ్రీల వాలు వరకూ ఆగుతుంది. అదే కిలో బాడీ పెడితే దాదాపు 40 డిగ్రీలకే పడిపోతుంది.

కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభలను భుజాల మీద మోసుకుపోవడం మీరు చూసే ఉంటారు. అంత ఎత్తయిన ప్రభలో చాలాభాగం వెదురే. మేమూ అదే దారి పట్టాం. ముందు అట్టతో నమూనాలు కత్తిరించి, కుదిరాక వాటిని బోర్డులు రాసేవారు వాడే 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డు మీద గీసుకున్నాం. కోత పని నాది. పదునైన కత్తిని పిల్లలు పెద్దల ఎదుటే పట్టాలి. జీపు పక్కలు చదునుగా ఉండటం మాకు కలిసివచ్చింది. టాపుకు పాత గొడుగు ఊచలు వంచి ఖాకీగుడ్డ కప్పాం. లైట్లకు మందుసీసాల మూతలు సరిపోయాయి.

అంతా అయ్యాక మావాడు నోటుబుక్కు తీశాడు. "బానెట్ మీద కొబ్బరికాయ పడిన సొట్ట ఉంది, పెదనాన్నా! ఎడమ అంచుకు 9 అంగుళాలు," అన్నాడు. 9 నూళ్ల దగ్గర వేడిచేసిన గరిటెతో మెల్లగా నొక్కాం. తూస్తే బాడీ 290 గ్రాములుంది.

ఇక రాళ్లు కావాలి. మాది గోదావరి తెచ్చిన ఒండ్రునేల. ఇక్కడ రాయి పుట్టదు. ఏటిగట్టు కోతపడకుండా పేర్చిన రాళ్లున్నాయి గాని, అవి ఎక్కడివో కొండల నుంచి వచ్చినవే. వరద లేని రోజు చూసి జొన్నాడ వైపు గట్టుకు వెళ్లాం. మా అమ్మ కూడా వచ్చింది. జీపు ఒక రాయి ఎక్కింది, పక్కకు ఒరిగింది, ఒక చక్రం గాలిలోకి లేచింది. మావాడు ఊపిరి బిగబట్టాడు. మరుక్షణం చక్రం రాతికి ఆని, బండి మెల్లగా పైకి పాకింది.

అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని సొట్ట మీద వేలుపెట్టి, "ఇది మీ తాతయ్య జీపేరా!" అన్నది.

పిల్లలూ, మీ బొమ్మకారును పీట మీద అడ్డంగా ఉంచి, పీటను ఒక పక్క మెల్లగా ఎత్తండి. ఎన్ని డిగ్రీల దగ్గర పడుతుందో కోణమానినితో చూడండి. తరువాత దాని టాపు మీద ఒక రబ్బరు అంటించి మళ్లీ చూడండి. మీ ఇంటి నుంచి త్వరలో పోబోయే పాతవస్తువు ఏదైనా ఉంటే, దాని కొలతలు ఈరోజే రాసిపెట్టుకోండి. బొమ్మ చేయడానికి తరువాత ఎప్పుడైనా తీరిక దొరుకుతుంది.