బకెట్టూ, కర్రా, తమ్ముడూ

మొన్న ఆదివారం రాత్రి వంటిల్లు సర్దుకుని వచ్చేసరికి మావాడు ఒకే లెక్కని నాలుగోసారి చెరిపేస్తున్నాడు. పాలిటెక్నిక్ మొదటి సంవత్సరం. తెల్లారితే ఇంజనీరింగ్ మెకానిక్స్ పరీక్ష. రబ్బరు అరిగిపోయింది గానీ లెక్క మాత్రం తేలలేదు.

"ఆన్సర్ మైనస్ వస్తోందమ్మా. ఎక్కడో తప్పు చేస్తున్నా."

నేనూ ఒకప్పుడు బీఎస్సీ మ్యాథ్స్ చదివినదాన్నే. ఇరవై ఏళ్లుగా పాలవాడి లెక్కా, చీటీ లెక్కా తప్ప మరోటి చెయ్యలేదు. అయినా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి నాకూ నిద్ర పట్టేలా లేదు.

ఎందుకంటే సాయంత్రం పూణే నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ ఖర్చు చెరిసగం అనుకున్నాంగా, ఈ నెలది పంపేశాను" అన్నాడు. అంతే. తప్పేం లేదు ఆ మాటలో. కానీ చెరిసగం అన్న మాట దగ్గర నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. కార్తీకమాసంలో అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయి ఐదు నెలలు. అప్పట్నుంచీ మా రాజమండ్రి ఇంట్లోనే. వాకర్ పట్టుకుని నడిపించేది నేను, రాత్రి రెండుసార్లు లేచేది నేను. పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లడం మానేసింది నేను. ఇందులో ఏది సగం? రేపు ఫోన్ చేసి "ఇక నావల్ల కాదు, వచ్చి తీసుకెళ్లు" అని చెప్పేద్దామని గట్టిగానే అనుకున్నాను.

సరే, లెక్క ఇదీ. ఆరు మీటర్ల దూలం, దాని సొంత బరువు 200 న్యూటన్లు. ఎడమ కొసన ఒక ఆధారం, పేరు ఎ. అక్కణ్నుంచి నాలుగు మీటర్ల దూరంలో రెండోది, బి. మిగతా రెండు మీటర్లు బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఆ కొసకి 600 న్యూటన్ల బరువు వేలాడుతోంది. ఏ ఆధారం ఎంత మోస్తోంది?

దీనికి కావలసినవి రెండే రెండు సంగతులు. మొదటిది, కిందికి లాగేవన్నీ కలిపి ఎంతో, పైకి మోసేవన్నీ కలిపి అంతే ఉండాలి. ఇక్కడ 800. కానీ తెలియనివి రెండు, కాబట్టి దీనితో తేలదు. రెండోది బల భ్రామకం. ఒక చోటు ఎంచుకుని, ప్రతి బరువునీ అక్కడికున్న దూరంతో గుణిస్తే, ఇటు తిప్పేవీ అటు తిప్పేవీ సరిపోవాలి. ఏ చోటైనా ఎంచుకోవచ్చు. కానీ ఒక ఆధారం దగ్గరే నిలబడి చూస్తే సుఖం. అక్కడ దూరం సున్నా కనక ఆ ఆధారం లెక్కలోంచి తప్పుకుంటుంది, రెండోది ఒక్కటే మిగులుతుంది.

ఎ దగ్గర నిలబడ్డాం. 600 ఆరుసార్లు 3600. దూలం సొంత బరువు నడిమధ్యన, అంటే మూడు మీటర్ల దగ్గర ఉన్నట్టు, 600. మొత్తం 4200. దాన్ని బి దూరం నాలుగుతో భాగిస్తే 1050. ఉన్న బరువే 800 అయితే బి ఒక్కటే 1050 మోస్తోంది! 800లోంచి 1050 తీసేస్తే ఎ వాటా మైనస్ 250.

"చూశావా, మళ్లీ అదే" అంటూ వాడు రబ్బరు అందుకున్నాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"కల్యాణమండపంలో పొడుగు బల్ల కొసన మీ పెదనాన్న కూర్చుంటే ఏమైందిరా?"

"అవతలి కొస లేచింది." వాడికి నవ్వొచ్చింది. "నన్ను అటు కూర్చోమన్నారు."

"అదే మైనస్ అంటే. ఎ మొయ్యట్లేదు, లేచిపోకుండా కిందికి పట్టుకుంటోంది. అది లాగేది కూడా బి మీదే పడుతుంది కనక బికి 1050 అయింది. అక్కడ దూలాన్ని ఊరికే ఆనించి వదిలేస్తే కుదరదు, బోల్టు వేసి బిగించాలి."

మా ఇల్లు కట్టినప్పుడు, పైన గోడ లేచేదాకా సజ్జా కింద కర్రలు తియ్యొద్దని మేస్త్రి ఎందుకు మొత్తుకున్నాడో కూడా చెప్పాను. వెనక గోడ బరువు అదిమిపట్టి ఉంచితేనే ముందుకొచ్చిన సజ్జా నిలిచేది. ఇంకాస్త ఊపొచ్చి, "ఏ ఆధారానికి దగ్గరగా ఉంటే బరువు దాని మీదే ఎక్కువ పడుతుందిరా. ఎవరికి దగ్గరైతే వాళ్లే మొయ్యాలి" అన్నాను. ఆ చివరి మాట లెక్క గురించి అన్నది కాదని నాకు తెలుసు.

హాల్లోంచి అమ్మ గొంతు వినిపించింది. పడుకుందనుకున్నాను.

"ఏమే, చేతిపంపు దగ్గర్నుంచి నువ్వూ తమ్ముడూ కర్రకి బకెట్టు తగిలించి మోసుకొచ్చేవాళ్లు, గుర్తుందా? వాడు చిన్నవాడని బకెట్టు నీ వైపుకి జరుపుకునేదానివి. నేను చెప్పానా జరుపుకోమని?"

నేనేం మాట్లాడలేదు. మావాడు మాత్రం ఉత్సాహంగా లెక్క వేసేశాడు. నాలుగడుగుల కర్ర, 16 కిలోల బకెట్టు. మధ్యలో ఉంటే చెరి 8. అక్క వైపు అడుగు దూరంలో ఉంటే అక్కకి 12, తమ్ముడికి 4.

"అయినా" అంది అమ్మ, "బకెట్టు ఎటుండాలో మీరూ మీరూ చూసుకుంటున్నారు బాగానే ఉంది. బకెట్టునెవరైనా అడిగారా?"

వెళ్లి మంచం మీద పక్కన కూర్చున్నాను. ఐదు నెలల్లో మందులు వేసుకున్నావా, తిన్నావా అని తప్ప వేరే ఏమీ అడగలేదని అప్పుడు తట్టింది. ఏం కావాలమ్మా అన్నాను. వాడి దగ్గర రెండు నెలలుండాలని ఉందట. తన మూలంగా నేను వాడితో గొడవపడతానేమోనని చెప్పలేదట.

మర్నాడు ఫోన్ చేశాను. చెప్పాలనుకున్న మాట చెప్పలేదు. నా చోట నిలబడి నన్ను పక్కనపెట్టి అవతలి వైపు ఎంతుందో చూడాలని రాత్రే కదా కొడుక్కి పాఠం చెప్పాను! "నీకెలా ఉందిరా?" అని మాత్రం అడిగాను. కాసేపు మాట్లాడలేదు వాడు. రాత్రిపూట ఫోన్ మోగితే చేతులు వణుకుతాయట. దిండు కింద పెట్టుకునే పడుకుంటున్నాడట. నాకు ఆపరేషన్ రోజు రాత్రి గుర్తొచ్చింది. ఆస్పత్రి వరండాలో నేను ఒక్కదాన్నీ కూర్చుంటే తెల్లారేదాకా ఫోన్ పెట్టెయ్యకుండా ఉన్నది వీడే. ఆ రాత్రి వాడు మోసిందేం లేదు. కానీ ఆ కొసన పట్టుకుని ఉండకపోతే నేను తిరగబడిపోయేదాన్ని.

అలాగని నా నడుంనొప్పి తగ్గిపోలేదు. అదీ చెప్పాను వాడికి. మొదటిసారి దాచకుండా చెప్పాను, చెరిసగం అన్న మాట ఎందుకు గుచ్చుకుందో కూడా. "అలా అనాల్సింది కాదక్కా" అన్నాడు. ఎండలు ముదిరాక వచ్చి అమ్మని తీసుకెళ్తానన్నాడు. అమ్మ షరతు ఒకటుంది, ఆవకాయ పెట్టడం అయ్యాకే ప్రయాణం. ముక్కలు తుడిచేది నేనేనని వేరే చెప్పాలా!

మావాడికి పరీక్షలో మైనస్ లెక్కే వచ్చిందట, అంకెలు మాత్రం వేరు. చెరపకుండా వదిలేసి, పక్కనే కిందికి బాణం గుర్తు వేసి వచ్చానన్నాడు.