తెల్ల కారు మీద ఊదా రంగు

రిసాలిలో ఆ షెడ్డు షట్టర్ రోజూ తొమ్మిదింటికి లేస్తుంది. ఆ ఆదివారం మాత్రం ఆరింటికే లేచింది. ఎండ ముదరకముందే షూటింగ్ ముగించాలన్నది వీడియో తీసే కుర్రాడి షరతు. లోపల ఒక తెల్ల కారు సబ్బు నీళ్ల స్నానం ముగించుకుని, ఆరి నిలబడింది. చూడటానికి మెరిసిపోతోంది. చేత్తో తడిమితే మాత్రం సన్నటి ఇసుక అంటుకున్నట్టు గరుకు. షెడ్డు యజమాని చేతికి గ్లోవ్స్ తొడుక్కుని, సీసాలోని ద్రవాన్ని బానెట్ మీద చిమ్మాడు. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత తెలుపు మీద ఊదా రంగు చుక్కలు మొలిచాయి. చుక్కలు చారలయ్యాయి. చారలు బంపర్ మీదుగా నేలకు కారాయి.

"చాలు భయ్యా, ఈ ఒక్క షాట్‌తో వీడియో అయిపోయినట్టే" అన్నాడు కుర్రాడు.

అతని ఆనందానికి కారణముంది. కార్ డీటెయిలింగ్‌ను అరవై సెకన్లలో చూపించడం అంత తేలిక కాదు. కడగక ముందు, కడిగిన తర్వాత అని రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే వీధి చివరి వాటర్ సర్వీసింగ్‌కూ దీనికీ తేడా ఏమిటో కనబడదు. గంటల తరబడి పాలిష్ మెషిన్ తిప్పడం చూసేవాళ్లకు విసుగు. ఊదా రంగు అలా కాదు. గాల్లో తేలే సన్నటి ఇనుప రేణువులు పెయింట్ పైపొరలో దిగబడి తుప్పు పడతాయి. మామూలు షాంపూకు అవి ఊడిరావు. ఈ మందులోని థయోగ్లైకోలేట్ లవణం ఇనుముతో కలిసి రంగు మారుతుంది, రేణువును వదులు చేస్తుంది. కంటికి కనబడని మురికి కారుతూ కనబడుతుంది. కుళ్లిన కోడిగుడ్ల లాంటి దాని వాసన ఎలాగూ వీడియోలోకి రాదు.

ఉక్కు ఊళ్లో ఇనుము కారుతున్న దృశ్యం. ఇంతకన్నా ఏం కావాలి? దాని మీద వేయాల్సిన హిందీ వాక్యం కుర్రాడి దగ్గర సిద్ధంగా ఉంది. భిలాయ్ ధూళి నుంచి మీ కారుకు విముక్తి, అని దాని అర్థం.

సరిగ్గా అప్పుడే యజమాని తండ్రి టీ ఫ్లాస్కుతో వచ్చారు. ఈ కుటుంబానిది శ్రీకాకుళం జిల్లా. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి భిలాయ్‌లో కర్మాగారం లేస్తున్న రోజుల్లో తాత తట్ట మోసే పనికి వచ్చాడు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటికి ఇక్కడే స్థిరపడిపోయాడు. కొడుకు ప్లాంటులో పర్మినెంట్ అయ్యాడు. మూడు దశాబ్దాలకు పైగా రైలు పట్టాల మిల్లులో చేశారాయన. మనవడికి ప్లాంటు ఉద్యోగం దొరకలేదు. అది ఈ ఒక్క ఇంటి కథ కాదు. రాయ్‌పూర్‌లో పని నేర్చుకుని వచ్చిన కొడుకు చేతిలో తండ్రి పెట్టిన గ్రాట్యుటీ సొమ్ములో పెద్ద వాటా ఈ షెడ్డు, ఈ మెషిన్లు. కార్లు రావడం లేదనే వీడియో ఆలోచన.

"ఏట్రా అది, అలగ కారతన్నాది?" అని అడిగారు పెద్దాయన.

"ఇనుము నాన్నా. గాల్లోంచి వచ్చి పెయింట్లో దిగిపోతుంది."

"ఇనుమా?" ఆయన వంగి చూశారు. గోడకు ఆనించిన అట్ట మీది హిందీ వాక్యం కూడా చదివారు. "ఇనుమైతే మురికంటావేటిరా? నిన్ను సదివించింది ఏటనుకున్నావు?"

కుర్రాడు నవ్వాడు. కొడుకు నవ్వలేదు. ఎందుకంటే ఆ వాక్యంలో సగమే నిజమని ఈ పని చేసేవాళ్లకు తెలుసు. ఏ కారుకైనా ఊదా రంగు ఎక్కువగా కారేది చక్రాల దగ్గర. బ్రేకు వేసినప్పుడల్లా డిస్కు అరిగి రాలే పొడి అది. ఇంత పెద్ద ఉక్కు కర్మాగారం లేని హైదరాబాద్‌లో చిమ్మినా కారుతుంది. ఇక్కడి గాల్లో కర్మాగారం పాలు లేదని కాదు. బానెట్ మీద పడ్డదాంట్లో ప్లాంటుది ఎంత, ముందు వెళ్లిన లారీది ఎంత అని ఆ సీసా చెప్పలేదు.

ఒక దారం లాగితే మిగతావీ ఊడాయి. రెండో షాట్‌లో బానెట్‌కు మధ్యగా టేపు అంటించి, ఒక సగం పాలిష్ చేయాలి. సాలెగూడు లాంటి గీతలు కనబడాలంటే ఒకే బిందువు నుంచి పడే గట్టి వెలుగు కావాలి, టార్చి లాంటిది. అదే బానెట్ మీద తెల్ల గుడ్డ చాటు నుంచి మెత్తటి వెలుగు వేస్తే పాలిష్ చేయకపోయినా గీతలు మాయమవుతాయి. 'ముందు'కు టార్చి, 'తర్వాత'కు మెత్తటి లైటు వాడటం ఈ వీడియోల్లో పాత చిట్కా. తర్వాత సిరామిక్ కోటింగ్. '9హెచ్ కాఠిన్యం, గీత పడదు' అని పోస్టర్. ఈ 9హెచ్ రకరకాల పెన్సిళ్లతో పూతను గీకి చూసే పరీక్షలో ఒక పెన్సిల్ పేరు. తాళంచెవి గీకితే ఆ పెన్సిల్ అడ్డు రాదు.

"చిన్న అక్షరాలతో షరతులు వర్తిస్తాయని వేసేద్దాం" అన్నాడు కుర్రాడు. అదీ కుదరదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పెద్ద అక్షరాల్లో చెప్పినదాన్ని చిన్న అక్షరాల షరతు కాదనకూడదు. 2019 చట్టం కింద జరిమానా పది లక్షల దాకా ఉండొచ్చు. రిసాలి షెడ్డు దాకా ఎవరూ రారన్నది వేరే సంగతి. కానీ కారు యజమాని మాత్రం వస్తాడు, గీత పడిన తలుపుతో.

కొడుకు అట్టను తిప్పేసి ఖాళీ వైపు పెట్టాడు. 9హెచ్ పోయింది. 'ముందు', 'తర్వాత' రెంటికీ టార్చి ఒక్కటే, కోణమూ ఒక్కటే అని తేల్చాడు. మిగిలిన సన్నటి గీతలు కనబడినా సరే. కుర్రాడికి ఇది నచ్చలేదు. ఇక ఆ ఊదా రంగు షాట్ కింద ఏం రాయాలో ఎవరికీ తోచలేదు. రిసాలి కారుకు రిసాలి కథ కావాలి కదా అని అతని వాదన. అదీ నిజమే.

దారి చూపింది పెద్దాయనే, అదీ ఆ ఉద్దేశంతో కాదు. బయట ఆయన పాత బజాజ్ చేతక్ ఉంది. ఏళ్ల తరబడి డ్యూటీకి దాని మీదే వెళ్లారు, ప్లాంటు స్టాండులోనే అది ఎండా వానా తిన్నది. "దీని మీద కొట్టు, సూద్దాం" అన్నారు. కొడుకు ముందు మడ్‌గార్డు మీద చిమ్మాడు. బానెట్ కన్నా చిక్కగా కారింది. పెద్దాయన చాలాసేపు అలాగే చూశారు. తుడవడానికి చెయ్యి చాపితే, "ఒట్టి చేత్తో ముట్టుకోకు నాన్నా" అని కొడుకు గ్లోవ్స్ ఇచ్చాడు. అవి తొడుక్కుని, గుడ్డతో నెమ్మదిగా పైనుంచి కిందికి తుడిచారు. కుర్రాడు కెమెరా ఆపలేదు.

తయారైన వీడియో యాభై రెండు సెకన్లు. తెల్ల కారుతో మొదలై స్కూటర్‌తో ముగుస్తుంది. ఊదా రంగు కింద ఉన్నది ఒక్క మాట, ఇనుము, హిందీలో. "ఏట్రా అది" అన్న గొంతు తీసేయడం కుర్రాడు మరిచిపోయాడు. శ్రీకాకుళం చుట్టాలు దాన్ని ఒకరికొకరు పంపుకున్నారు.

మర్నాడు షెడ్డుకు వచ్చిన మొదటి ఫోన్ మరోడా వైపు నుంచి. ఆయనా ప్లాంటులో రిటైరైన మనిషే. కారు లేదట. స్కూటర్‌కు ఎంత తీసుకుంటారని అడిగాడు. గోడకు తగిలించిన రేట్ల బోర్డులో స్కూటర్ లేదు.