పూలముక్కల కర్మాగారం

క్యోటో నగరానికి దక్షిణాన ఉజీ అనే పట్టణం ఉన్నది. ఆ పేరు వినగానే జపాను దేశీయులకు మొదట తేయాకు, తరువాత బ్యోదోఇన్ ఆలయం స్ఫురిస్తాయి. 1053లో నిర్మించిన ఆ ఆలయ మందిరమే వారి పది యెన్‌ల నాణెం మీద ముద్రితమై ఉంటుంది. 2024 అక్టోబరు 2 నుండి మాత్రం ఆ వైపు వెళ్లే రైళ్లలో వేరొక రకం యాత్రికులు కూడా కనిపిస్తున్నారు. వారు ఒగురా అనే చిన్న స్టేషనులో దిగి, ఇళ్ల మధ్య నుండి ఐదు నిమిషాలు నడిచి, ఒక పాత కర్మాగారం ముందు ఆగుతారు. అది నింటెండో కంపెనీ ప్రదర్శనశాల. 1969లో కట్టిన ఆ భవనంలో ఒకప్పుడు పేకముక్కలు తయారయ్యేవి. తరువాతి కాలంలో చెడిపోయిన ఆటయంత్రాలు మరమ్మతుకు అక్కడికే వచ్చేవి.

ప్రపంచమంతా మారియో అనే మీసాలవాడి పేరుతో ఎరిగిన ఈ కంపెనీ పుట్టుక పేకముక్కలతోనే జరిగింది. 1889 సెప్టెంబరు 23న యమౌచి ఫుసజీరో అనే క్యోటో నివాసి ‘హనఫుద’ ముక్కల వ్యాపారం ప్రారంభించాడు. హనఫుద అంటే పూలముక్క. కట్టకు నలభై ఎనిమిది ముక్కలు. పన్నెండు నెలలకు నెలకొక చెట్టో పువ్వో చొప్పున, ఒక్కొక్క దానికి నాలుగేసి. వాటి మీద అంకెలుండవు. పోర్చుగీసు నావికులు తెచ్చిన పేకాటను ప్రభుత్వాలు మళ్లీ మళ్లీ నిషేధించగా, అంకెలు వదలి పూలలో తలదాచుకున్న ఆట ఇది. జూదం ఎక్కడైనా అంతే, ఒక తలుపు మూస్తే మరొక తలుపు వెతుక్కుంటుంది. కొంట, ఎర్రబోరు వైపు బస్తరు సంతలలో కోడిపందెం చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. జపాను జూదగృహాలలో ప్రతి పందేనికీ కొత్త కట్ట విప్పేవారనీ, యమౌచి వ్యాపారం అందువల్లనే వృద్ధి పొందిందనీ చెబుతారు.

ఆయన కట్టలలో మేలైన రకానికి ‘దైతోర్యో’ అని పేరు, అనగా అధ్యక్షుడు. దాని మీది బొమ్మ మాత్రం నెపోలియన్‌ది! చక్రవర్తి అధ్యక్షుడెలా అయ్యాడని కొనేవారెవరూ నిలదీసినట్లు లేదు.

క్యోటోలో కామో నది సమీపాన 1930లో వారు కట్టుకున్న కార్యాలయం ఇప్పటికీ నిలిచి ఉన్నది. 2022 ఏప్రిల్ నుండి అది ‘మరుఫుకురో’ అనే హోటలు. గుమ్మం పక్కన కంపెనీ పాత ఫలకాన్ని అలాగే ఉంచారు. అందులో వీడియో ఆటల ప్రసక్తి లేదు. పేకముక్కల మాటే ఉన్నది.

స్థాపకుని మునిమనుమడు హిరోషీ 1949లో పగ్గాలు చేపట్టాడు. 1959లో డిస్నీ బొమ్మలతో అచ్చువేసిన పేకముక్కలు బాగా అమ్ముడుపోయాయి. ఆ తరువాత పేకాటకు గిరాకీ తగ్గింది, కంపెనీ అనేక దారులు తొక్కింది. ఆ రోజుల్లో, 1965లో, ముక్కలు తయారుచేసే యంత్రాలను చూసుకోవడానికి ఒక యువకుడు చేరాడు. పేరు యొకొయి గున్‌పేయి. పని తక్కువ, తీరిక ఎక్కువ. కాలక్షేపానికి కత్తెర పట్టీల వలె సాగి, దూరంగా ఉన్న వస్తువును పట్టుకొనే బొమ్మ చెయ్యి ఒకటి చేసుకున్నాడు. అది యజమాని కంటబడింది. మందలింపు రాలేదు సరికదా, దానిని అమ్మకపు సరుకుగా తీర్చమన్న ఆజ్ఞ వచ్చింది. 1966లో ‘అల్ట్రా హ్యాండ్’ పేరుతో వెలువడిన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

ఒగురా ప్రదర్శనశాలలో మనసు నిలిచేది ఇటువంటి వస్తువుల వద్దనే. జంట చేతులు పట్టుకొంటే ప్రేమ ఎంతో చూపే ‘లవ్ టెస్టర్’ 1969 నాటిది. గృహస్థుల కోసం చేసిన నకళ్ల యంత్రం ఒకటి, పసిబిడ్డలను తిప్పే తోపుడు బండి ఒకటి. బ్యాటరీ బొమ్మను నడుపుతూ నేల శుభ్రం చేయాలన్న ఊహతో 1979లో తెచ్చిన దూర నియంత్రణ చెత్తయంత్రమూ నింటెండోదే. వీటిలో చాలావాటిని జనం మరచిపోయారు. గాజు వెనుక వివరణ పలకలు బహు తక్కువ. తెలిసినవారికి అది ముచ్చటే. తెలియనివారు తోపుడు బండిని చూసి దారి తప్పామేమో అనుకోవచ్చు.

మారియో పేరు వెనుకా ఒక బాకీ కథ ఉన్నది. అమెరికా శాఖలో అమ్ముడుపోని ఆటయంత్రాలు గుట్టలు పడినప్పుడు, వాటిలో పెట్టడానికి మియామొతో షిగేరు 1981లో ‘డాంకీ కాంగ్’ అనే ఆటను రూపొందించాడు. అందులోని వడ్రంగికి సరైన పేరు లేదు. గిడ్డంగి యజమాని మారియో సెగాలి అద్దె కోసం వచ్చి గట్టిగా మాట్లాడి వెళ్లిన తరువాత ఆ పేరే బొమ్మకు పెట్టారంటారు. మీసాలూ టోపీ కూడా అలంకారం కోసం వచ్చినవి కావు. అప్పటి తెర మీది కొద్దిపాటి చుక్కలతో నోరు, జుట్టు చిత్రించడం కష్టం. వాటిని దాచడానికే అవి. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’లో ఆకాశపు మేఘమూ నేల మీది పొదా ఒకే బొమ్మ, రంగు మాత్రమే వేరు. అంత పొదుపు!

ఆ కీర్తితో వచ్చిన సరుకుకు అంతులేదు. 1988లో అమెరికాలో నింటెండో పేరిట ఉదయపు ఫలహారం అమ్మారు. ఒక్క పెట్టెలో రెండు సంచులు, ఒకటి మారియోది, మరొకటి జెల్డాది. మరుసటి ఏడాదికే అది అంగళ్ల నుండి మాయమైంది. ఆటయంత్రానికి తగిలించి స్వెట్టరు అల్లే పరికరం ఒకటి ప్రకటన కాగితం దాకా వచ్చి ఆగిపోయింది.

యొకొయి 1980లో ‘గేమ్ అండ్ వాచ్’ను రూపొందించాడు, రైలులో ఒక ప్రయాణికుడు పొద్దుపోక కాలిక్యులేటరు మీటలు నొక్కుకోవడం చూసి ఆ ఆలోచన తట్టిందట. 1989 నాటి ‘గేమ్ బాయ్’ ఆయన విభాగం నుండి వచ్చినదే. 1995లో ఆయన తెచ్చిన ‘వర్చువల్ బాయ్’ ఘోరంగా విఫలమైంది. ఎర్రటి బొమ్మలు చూసి జనానికి తలనొప్పి పుట్టింది. 1996లో కంపెనీని విడిచాడు. 1997 అక్టోబరు 4న రోడ్డు ప్రమాదంలో మరణించాడు. వయస్సు యాభై ఆరు.

ఆయన ఓడిన యంత్రం కూడా ఒగురాలో గెలిచినవాటి సరసన ఉన్నది. టిక్కెట్లు లాటరీ పద్ధతిలో ఇస్తారు. లోపలికి వెళ్లినవారికి ఆడుకోవడానికి పది నాణేల లెక్క ముట్టుతుంది. మేడ మీది వస్తువులను ఫొటో తీయనివ్వరు. ఒక గదిలో జిగురు, కాగితం, అచ్చులు ఇచ్చి హనఫుద ముక్కలు చేయిస్తారు. చేసుకున్నవి ఇంటికి తీసుకుపోవచ్చు. మరొక చోట అల్ట్రా హ్యాండ్లు వేచి ఉంటాయి. దొర్లి వచ్చే బంతులను ఆ సాగే చేతితో పట్టి గొట్టాలలో వేయాలి. తెర లేదు, విద్యుత్తు మెరుపులూ లేవు. పిల్లలు ఒక్క పట్టున నేర్చుకుంటారు, పెద్దల చేతిలో బంతి జారిపోతుంది.