టొలేడోలో ఒక రోజు

పిల్లలూ! కరటక దమనకులనే రెండు నక్కల కథ మీరు చదివే ఉంటారు. ఆ నక్కలు మన దేశం నుంచి బయలుదేరి, పేర్లు కొంచెం మార్చుకుని, స్పెయిన్ దేశం దాకా వెళ్లినవంటే నమ్ముతారా? వాటిని అక్కడికి పిలిపించిన రాకుమారుడు పుట్టిన ఊరు టొలేడో. ఇవాళ మిమ్మల్ని ఆ ఊరికే తీసుకుపోతాను. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చును.

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో రైలెక్కితే అరగంట ప్రయాణం. దిగి చూస్తే ఊరంతా ఎదురుగా కొండమీద ఉంటుంది. టాగస్ నది ఆ కొండను మూడు వైపులా చుట్టుకుని పారుతుంది. నాలుగవ వైపున గోడలు కట్టుకుంటే చాలు, ఊరే ఒక కోట! అందుకనే రోమనులు, వారి తరువాత విసిగోతులు, 711 ప్రాంతంలో వచ్చిన ముస్లిములు, 1085లో ఊరిని గెలిచిన క్రైస్తవ రాజు ఆరవ ఆల్ఫోన్సో, అందరూ దీనిని కోరుకున్నారు. ఏటిమీది పాత వంతెనను అల్కాంతరా వంతెన అంటారు. అరబ్బీలో ‘అల్ కంతరా’ అంటేనే వంతెన. అనగా అక్కడివారు రోజూ ‘వంతెన వంతెన’ అంటున్నారన్నమాట!

వంతెన దాటినది మొదలు అంతా ఎగువే. నావంటి ముసలి మోకాళ్లకు అది పెద్ద పరీక్ష. మీరయితే పరుగెత్తుతారు.

ఊరి నడుమ ఒక బ్రహ్మాండమయిన చర్చి ఉన్నది. దానిని 1226లో మొదలుపెట్టి 1493లో ముగించారు. ఎన్నేళ్లు పట్టినదో మీరే లెక్క కట్టండి. అంతకుముందు ఆ చోట ఊరి పెద్ద మసీదు ఉండేది. దానిని గురించి అక్కడివారు ఒక కథ చెప్పుకుంటారు.

రాజు ఆల్ఫోన్సో ఊరిని గెలిచినప్పుడు, ‘మీ మసీదు మీకే ఉంటుంది’ అని ముస్లిములకు మాట ఇచ్చాడు. కొద్దికాలానికి ఆయన పొరుగూరు వెళ్లాడు. అదే అదనుగా రాణీ, బిషప్పూ కలిసి మసీదును ఆక్రమించి, చర్చిగా మార్చేశారు. ఈ వార్త విని రాజు మండిపడ్డాడు. తన మాట పోగొట్టినవారిని కఠినంగా శిక్షిస్తానంటూ తిరిగివచ్చాడు. అప్పుడు ఆయనకు ఎదురువెళ్లి, ‘వారిని క్షమించండి’ అని వేడుకున్నది ఎవరనుకున్నారు? అబూ వాలిద్ అనే ముస్లిం పండితుడు! ‘మా కోసం మీరు వారిని శిక్షిస్తే, ఆ కక్ష రేపు మా పిల్లల మీదికే వస్తుంది’ అని ఆయన భయం. రాజు శాంతించాడు. చర్చిలో ప్రధాన వేదిక దగ్గర ఆ పండితుడి శిల్పం ఈనాటికీ ఉన్నది. ఆయనకు శిల్పం దక్కింది గాని, ఆయన మనుషులకు మసీదు మాత్రం తిరిగి రాలేదు.

ఇక పుస్తకాల సంగతి. ముస్లిముల ఏలుబడిలో ఈ ఊళ్లో చాలా అరబ్బీ గ్రంథాలు చేరినవి. వాటి కోసం 12వ శతాబ్దంలో దూరదేశాల నుంచి పండితులు వచ్చారు. ఇటలీ నుంచి జెరార్డ్ అనే ఆయన టాలమీ వ్రాసిన ఖగోళ గ్రంథాన్ని వెతుక్కుంటూ వచ్చి, అరబ్బీ నేర్చుకుని, డెబ్బైకి పైగా పుస్తకాలను లాటిన్‌లోకి మార్చాడు. ఒక పుస్తకం కోసం వచ్చినవాడు! మరికొందరు ఇద్దరేసి కూర్చునేవారు. యూదుడు అరబ్బీ చదివి ఊరి వాడుకభాషలో చెబుతూ ఉంటే, పక్కనున్న క్రైస్తవుడు దానిని లాటిన్‌లో వ్రాసేవాడు.

అంతకు ముందే, 1068లో, ఈ ఊరి న్యాయాధికారి సాయిద్ ఒక గ్రంథం వ్రాసి, శాస్త్రాలను పెంచిన జాతులలో భారతీయులను మొట్టమొదట నిలిపాడు. మన నక్కల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పంచతంత్రం 6వ శతాబ్దంలో పారశీకుల భాషకూ, 8వ శతాబ్దంలో అరబ్బీకీ వెళ్లింది. కరటకుడు ‘కలీలా’, దమనకుడు ‘దిమ్నా’ అయినారు. 1221లో టొలేడోలో పుట్టిన మరొక ఆల్ఫోన్సో, రాకుమారుడుగా ఉండగానే 1251లో ఆ కథలను స్పానిష్ భాషలో వ్రాయించాడు.

సాయంత్రం యూదుల పేటకు వెళ్లాను. అక్కడ 1357 ప్రాంతంలో సామ్యూల్ హలేవీ కట్టించిన ప్రార్థనా మందిరం ఉన్నది. ఈయన రాజు పెడ్రోకు కోశాధికారి. గోడల పైభాగాన గచ్చుమీద హీబ్రూ అక్షరాలు, తీగెల నడుమ అరబ్బీ అక్షరాలు, వాటి దగ్గరే క్రైస్తవ రాజు చిహ్నాలయిన కోటా సింహమూ చెక్కారు. మూడు మతాలూ ఒకే గోడమీద ఉన్నవి. అయినా కట్టించిన కొద్ది ఏళ్లకే సామ్యూల్‌ను అదే రాజు చెరలో పెట్టించగా, అక్కడే చనిపోయాడు. 1492లో, క్రైస్తవులుగా మారని యూదులంతా నాలుగు నెలలలో దేశం విడిచిపోవాలని ఆజ్ఞ వచ్చింది. మందిరం చర్చి అయినది. ఇప్పుడు మ్యూజియం.

వెళ్లినవారు తమ స్పానిష్ భాషను వెంట తీసుకుపోయారు. టర్కీ, గ్రీసు దేశాలలో వారి వంశీకులు వందల ఏళ్లు ఇళ్లలో దానినే మాట్లాడుకున్నారు. వారి సంతతికి పౌరసత్వం ఇస్తామని స్పెయిన్ 2015లో చట్టం చేసింది. అప్పటికి 523 ఏళ్లు గడిచినవి!

నేను వెళ్లిన నాడు ఆ హాలులో ఒక తాతగారు మనుమడిని ఎత్తుకుని, వేలితో చూపుతూ పైనున్న హీబ్రూ అక్షరాలను ఒక్కొక్కటే చదివిస్తున్నారు. పిల్లవాడు ఒకచోట తప్పు చదివాడు కాబోలు, ఆయన నవ్వి మళ్లీ మొదటినుంచీ చదివించారు. మూసే వేళయినదని కాపలామనిషి చెప్పేదాకా నేనూ అక్కడే నిలబడి విన్నాను.